స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉండాలి?

మన హాస్టల్‌లో స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో నిన్న కాక మొన్న చేరిన తమ్ముడికి కూడా తెలుసు. పొద్దున్నే హాజరు తీసుకుని ఎంతమంది ఉన్నారో తేలాక, వార్డెన్ గారు తలుపు తీయించి, బియ్యం, పప్పు, నూనె కొలిపించి, స్టాకు రిజిస్టర్‌లో రాసి మళ్లీ తాళం వేయిస్తారు. మనకి ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి కడుపునిండా తినే హక్కు ఉంది. స్టోర్‌లోకి వెళ్లి మూటలు విప్పే హక్కు లేదు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, ఎవరి పని వారిది. ఆ తాళం అందరి చేతుల్లోకీ వెళితే నెల తిరక్కుండానే బియ్యం అయిపోతాయి, ఎవరు తీశారో ఎవరికీ తెలియదు.

ఇలాంటి ఏర్పాటే ప్రతి కంప్యూటర్‌లోనూ, మన జేబుల్లో ఉన్న ఫోన్లలోనూ ఉంది. ఆ ఏర్పాటులో ఎక్కడో ఒక సందు మిగిలిపోయి, దాని గుండా మామూలు యూజర్ వార్డెన్ స్థాయికి ఎక్కేస్తే దాన్ని ‘ప్రివిలేజ్ ఎస్కలేషన్’ అంటారు. తెలుగులో ‘అధికారం ఎగబాకడం’ అనుకుందాం. ఈ సందులు ఎలా పడతాయో, వాటివల్ల మనకేం నష్టమో, మనం ఏం చేయాలో తెలిసినంతలో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇంత ఆసక్తి మాకెందుకు కలిగిందో ముందు చెప్పాలి.

ఆ ఏడాది సంచిక ఎందుకు పల్చబడింది?

మేము హాస్టల్‌లో ఉన్న రోజుల్లో ఒక దాత ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. అందులో విండోస్ ఎక్స్‌పీ. ఉన్నది ఒకే అకౌంటు, దాని పేరు అడ్మినిస్ట్రేటర్. పాస్‌వర్డ్ లేదు. బటన్ నొక్కినవాడే యజమాని. సీనియర్ అన్నలు గ్రూప్స్ పరీక్షలకి తయారుచేసుకున్న నోట్సు, వార్షికోత్సవ సంచిక కోసం అనూ ఫాంట్లలో రాత్రుళ్లు కూర్చుని టైపు చేసిన వ్యాసాలు, కవితలు అన్నీ దాంట్లోనే ఉండేవి. రెండో కాపీ ఎక్కడా లేదు.

ఒక ఆదివారం ఒక తమ్ముడు పెన్ డ్రైవ్‌లో మోడల్ పేపర్లు తెచ్చాడు. వాటితోపాటు వైరస్ కూడా వచ్చింది. సాయంత్రానికి కంప్యూటర్ లేవలేదు. రిపేరుకి తీసుకెళితే, అంతా తుడిచేసి మళ్లీ విండోస్ వేయడం తప్ప మార్గం లేదన్నారు. నోట్సు పోయాయి. సంచిక మేటరు పోయింది. జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్లీ రాసి, సగం పేజీలతో ఆ ఏడాది సంచిక తెచ్చాం.

ఆ తమ్ముణ్ణి మేమందరం కలిసి తిట్టాం. వాడు ఆ తర్వాత కంప్యూటర్ గది వైపు రాలేదు. తప్పు నిజంగా వాడిదేనా అన్న ప్రశ్న మాకు చాలా ఏళ్ల తర్వాత, ఈ రంగంలో ఉద్యోగాలు చేస్తూ నాలుగు విషయాలు నేర్చుకున్నాక గానీ తట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబు వ్యాసం చివర్లో చెబుతాం.

కంప్యూటర్‌లో అంతస్తులు

కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములన్నీ ఒకే హోదాలో ఉండవు. మధ్యలో కెర్నల్ అనే భాగం ఉంటుంది. మెమరీ ఎవరికెంత ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు తెరవాలి, డిస్కు మీద ఎవరు రాయాలి అనేవన్నీ నిర్ణయించేది అదే. మనం వాడే బ్రౌజర్, పాటల ప్రోగ్రాము, టైపింగ్ ప్రోగ్రాము అన్నీ కింది అంతస్తులోవి. వాటికేం కావాలన్నా కెర్నల్‌ని అడగాలి.

ఈ అంతస్తులు కాగితం మీద రాసుకున్న నియమాలు మాత్రమే కావు. ప్రాసెసర్ చిప్‌లోనే వీటికి ఏర్పాటు ఉంది. 1982లో వచ్చిన ఇంటెల్ 80286 చిప్‌లో సున్నా నుంచి మూడు వరకు నాలుగు వలయాలు పెట్టారు. విండోస్, లైనక్స్ వీటిలో ముఖ్యంగా రెండే వాడుకుంటాయి. సున్నాలో కెర్నల్, మూడులో మన ప్రోగ్రాములు.

మనుషుల విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. యునిక్స్, లైనక్స్ కంప్యూటర్లలో ప్రతి యూజర్‌కీ ఒక అంకె ఉంటుంది. సున్నా అంకె ఉన్నవాడి పేరు ‘రూట్’. అతను ఏ ఫైలైనా చదవగలడు, మార్చగలడు, తుడిచేయగలడు. విండోస్‌లో ఆ పాత్ర అడ్మినిస్ట్రేటర్‌ది, అంతకంటే పైన ‘సిస్టమ్’ అనే అకౌంటుది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ మార్చుకోవాలి. పాస్‌వర్డ్‌లు దాచిన ఫైలుని రూట్ తప్ప ఎవరూ తాకకూడదు. మరెలా? యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ దీనికో ఉపాయం కనిపెట్టారు. కొన్ని ప్రోగ్రాములకి ప్రత్యేకమైన గుర్తు పెడతారు. వాటిని ఎవరు నడిపినా అవి రూట్ అధికారంతోనే నడుస్తాయి, కానీ తమకి అప్పగించిన ఆ ఒక్క పని మాత్రమే చేయాలి. ఈ ఉపాయానికి అమెరికాలో 1979లో పేటెంట్ కూడా వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, బియ్యం కోసం స్టోర్‌లోకి మనం వెళ్లం. తాళం ఉన్న మనిషి మన తరఫున వెళ్లి, కొలిచి తెచ్చి ఇస్తాడు.

ఉపాయం బాగుంది. కానీ ఆ తాళం ఉన్న మనిషిని ఎవరైనా మాయచేస్తే? అధికారం ఎగబాకే కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. నిజంగా జరిగినవి మూడు చూద్దాం.

ఒకటి: గడి దాటిన రాత

స్కాలర్‌షిప్ దరఖాస్తు గుర్తుంది కదా. పేరు రాయడానికి గళ్లు ఉంటాయి. అడుగున ‘కార్యాలయ ఉపయోగం నిమిత్తం’ అని ఒక పెట్టె ఉంటుంది, అందులో మనం రాయకూడదు. ఒకడు పొడుగాటి పేరు రాస్తూ, గళ్లు దాటి, ఆ పెట్టెలోకి కూడా రాసేశాడనుకోండి. తర్వాత ఆ కాగితం చూసే గుమస్తా ఆ పెట్టెలో ఉన్నది ఆఫీసరు రాతే అనుకుని మంజూరు చేస్తే?

లైనక్స్‌లో ‘సుడో’ అనే ప్రోగ్రాము ఉంది. కొందరు యూజర్లకి, కొన్ని పనులకి మాత్రమే రూట్ అధికారం అప్పగించడానికి 1980 ప్రాంతంలో అమెరికాలో దీన్ని రాశారు. ఇప్పుడు దాదాపు ప్రతి లైనక్స్ కంప్యూటర్‌లోనూ ఇదే ద్వారపాలకుడు. 2011 జూలైలో దీనిలో చేసిన ఒక మార్పు వల్ల, కొన్ని రకాల అక్షరాలు ఇస్తే అది ఎక్కడ ఆపాలో తెలియక, తనకి కేటాయించిన మెమరీ దాటి పక్క గదిలోకి రాసుకుంటూ పోయేది. సుడో వాడే అనుమతి లేని మామూలు యూజర్ కూడా దీంతో రూట్ అయిపోగలడు. క్వాలిస్ అనే సంస్థ పరిశోధకులు దీన్ని పట్టుకుని 2021 జనవరి 26న ప్రకటించారు. దాదాపు పదేళ్లపాటు ఆ సందు అందరి కళ్ల ముందే ఉంది. కాపలా కాయడానికి పెట్టిన ప్రోగ్రాములోనే సందు ఉండటం ఇందులో విచిత్రం.

రెండు: జిరాక్స్ మీద రాయబోయి ఒరిజినల్ మీద

కుల ధ్రువీకరణ పత్రం, టీసీ ఎప్పుడూ ఒరిజినల్ ఇవ్వకూడదని మనకి అందరూ చెబుతారు. ఎవరైనా దాని మీద ఏదైనా రాయాలంటే జిరాక్స్ తీసి ఇస్తాం. ఒరిజినల్ ఫైల్లోనే ఉంటుంది. కంప్యూటర్‌ కూడా మెమరీ ఆదా చేయడానికి ఇలాగే చేస్తుంది. ఒకే ఫైలుని పదిమంది చదువుతుంటే ఒకే ప్రతి చూపిస్తుంది. ఎవరైనా రాయబోతే మాత్రం అప్పటికప్పుడు వాళ్లకొక జిరాక్స్ చేసి ఇస్తుంది. దీన్ని ‘కాపీ ఆన్ రైట్’ అంటారు.

2007లో వచ్చిన లైనక్స్ కెర్నల్ నుంచి ఈ పనిలో ఒక లోపం ఉంది. జిరాక్స్ తీయడానికీ, పెన్ను కాగితం మీద పెట్టడానికీ మధ్య కనురెప్ప పాటు సమయం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంకొకడు ‘ఆ జిరాక్స్ నాకక్కర్లేదు, పారేయండి’ అంటే, పెన్ను వెళ్లి ఒరిజినల్ మీదే పడుతుంది. ఒక్కసారికి కుదరదు. కానీ కంప్యూటర్ అలసిపోదు, లక్షసార్లు ప్రయత్నిస్తే ఒకసారి తగులుతుంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలుని ఇలా మార్చేయొచ్చు. మార్చింది రూట్ వాడే ఫైలైతే ఇంక చెప్పేదేముంది!

దీనికి ‘డర్టీ కౌ’ అని పేరు పెట్టారు. ఫిల్ ఓస్టర్ అనే ఆయన, ఒక సర్వర్ మీద నిజంగా జరిగిన దాడిని పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టారు. 2016 అక్టోబర్‌లో సరిచేశారు. అప్పుడు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒక మాట ఒప్పుకున్నారు. ఈ లోపాన్ని పదకొండేళ్ల కిందట తానే సరిచేయబోయి, సరిగా చేయలేకపోయానని. ప్రపంచమంతా మెచ్చుకునే మనిషి తన తప్పుని అందరి ముందూ రాసి పెట్టడం మాకు ఆ లోపం కంటే ఎక్కువ నేర్పింది.

ఇది సర్వర్లతో ఆగలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది కూడా లైనక్స్ కెర్నలే. 2017లో ‘జెడ్‌నియు’ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఇదే సందు గుండా ఫోన్లలో రూట్ అధికారం సంపాదించింది. దాని బారిన పడ్డవాళ్లలో ఎక్కువమంది చైనా, భారతదేశాల్లోనే ఉన్నారు. అధికారిక ప్లే స్టోర్ నుంచి కాకుండా బయట దొరికిన యాప్‌లు వేసుకోవడం వల్లే అది వచ్చింది.

మూడు: ట్రేకి అంటుకున్న పాత చీటీ

ఒక ఆఫీసులో కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి ట్రేలో వెళతాయనుకోండి. చిత్తు కాగితం ఉన్న ట్రేకి ‘మిగిలిన జాగాలో ఇంకా రాసుకోవచ్చు’ అని చీటీ అంటిస్తారు. మర్నాడు అదే ట్రేలో ఒరిజినల్ ఫైలు కాగితం పెట్టారు, పాత చీటీ పీకడం మరిచిపోయారు. తర్వాతి గుమస్తా చీటీ చూసి ఒరిజినల్ మీదే రాసేశాడు. 2020లో వచ్చిన లైనక్స్ కెర్నల్ 5.8 నుంచి ఈ పొరపాటే ఉండిపోయింది. దీని పేరు ‘డర్టీ పైప్’.

ఇది బయటపడ్డ తీరు తెలుసుకోదగ్గది. జర్మనీలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసే కంపెనీకి 2021లో ఒక కస్టమర్ ఫిర్యాదు చేశారు. డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదని. ఫైలు సరిచేసి ఇచ్చారు. కొన్నాళ్లకి మళ్లీ అదే ఫిర్యాదు. ఇంకొకరైతే మళ్లీ సరిచేసి ఊరుకునేవారు. ఈయన పాడైన ఫైళ్లన్నీ ఒకచోట పెట్టి చూశారు. ఎక్కువగా నెల చివరి తేదీ ఫైళ్లే పాడయ్యాయి. ఆ దారం పట్టుకుని లాగితే కెర్నల్ దాకా వెళ్లింది. లైనక్స్ వాళ్లకి ముందుగా తెలియజేసి, సరిచేశాక, 2022 మార్చి 7న అందరికీ చెప్పారు. ఒక మామూలు ఫిర్యాదుని శ్రద్ధగా విన్నందుకు ప్రపంచానికి మేలు జరిగింది.

లోపలికి రావడం వేరు, తాళం దొరకడం వేరు

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పైన చెప్పిన మూడింటిలోనూ దాడిచేసేవాడు ముందే ఏదో ఒక రూపంలో లోపల ఉండాలి. ఒక మామూలు అకౌంటు గానీ, మనచేత వేయించిన ఒక చిన్న యాప్ గానీ కావాలి. అందుకే కొందరు, ‘ఇది చిన్న లోపమే, బయటివాడు రాలేడుగా’ అంటారు. ఆ ధీమా పనికిరాదు. దాడులు మెట్లుమెట్లుగా జరుగుతాయి. ఒక సందు గుండా వరండాలోకి వస్తాడు, ఇంకో సందుతో స్టోర్ తాళం సంపాదిస్తాడు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే పురుగు ఇరాన్ అణు కేంద్రం మీదికి వెళ్లింది. అది అప్పటికి ఎవరికీ తెలియని నాలుగు విండోస్ లోపాలు వాడుకుంటే, వాటిలో రెండు కేవలం అధికారం ఎగబాకడానికే. అది సోకిన దేశాల్లో ఇరాన్, ఇండొనేషియాల తర్వాత ఎక్కువగా కనిపించింది మన దేశంలోనే.

రెండు మెట్లూ ఒకేసారి ఎక్కించే లోపాలు కూడా ఉంటాయి. 2017 మే 12న ప్రపంచాన్ని వణికించిన వాన్నాక్రై అలాంటిదే. అది వాడుకున్న లోపం కెర్నల్ అంతస్తులోనే ఉంది కాబట్టి, నెట్‌వర్క్ గుండా నేరుగా పై అధికారంతో దిగింది. ఫైళ్లకి తాళం వేసి 300 డాలర్లు అడిగింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లకి అది సోకిందని అప్పుడు పత్రికల్లో వచ్చింది. 2022లో ఏలూరు జిల్లాలో కలిసిన మన నూజివీడు అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉంది. అంటే ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారం కాదిది.

బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే మందు విడుదల చేసింది. దాడికి రెండు నెలల ముందు! అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లు బతికిపోయాయి. వేసుకోనివి పోయాయి.

ఎవరికి ఎంత కావాలో అంతే

ఈ జబ్బుకి అసలు మందు 1975లోనే సాల్జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. ప్రతి ప్రోగ్రాముకీ, ప్రతి యూజర్‌కీ వాళ్ల పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు. ఇది మన మామిడి రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. కోతకి వచ్చిన కూలీకి చిక్కం కట్టిన గెడ ఇస్తారు. కావలి కాసేవాడికి గుడిసె, టార్చిలైటు ఇస్తారు. కాయ కొన్న వ్యాపారికి ఆ సీజన్ కాయల మీద హక్కు ఇస్తారు. పట్టాదారు పాసు పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వరు. వాళ్ల మీద నమ్మకం లేక కాదు, వాళ్ల పనికి దాంతో అవసరం లేదు కాబట్టి.

విండోస్‌లో ఈ జాగ్రత్త ఆలస్యంగా వచ్చింది. ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్లే. 2007లో విస్టా వచ్చాక గానీ, ‘ఈ ప్రోగ్రాము మార్పులు చేయబోతోంది, ఒప్పుకుంటారా?’ అని అడగడం మొదలవలేదు. ఆ ప్రశ్న విసుగ్గా అనిపించి చదవకుండా ‘యస్’ నొక్కితే, వార్డెన్ గారు ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చినట్టే.

తమ్ముళ్లు పాటించగలిగినవి కొన్ని:

1. రోజువారీ పనికి మామూలు అకౌంటు వాడండి. అడ్మినిస్ట్రేటర్ అకౌంటు వేరుగా, పాస్‌వర్డ్‌తో ఉంచండి.

2. అప్‌డేట్లు వాయిదా వేయకండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పాత కంప్యూటర్ కొత్త విండోస్‌ని మోయలేకపోతే, ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు.

3. ఫోన్‌ని ‘రూట్’ చేస్తే గొప్ప అనుకోకండి. అలా చేస్తే, ఆ తర్వాత వచ్చే దొంగ యాప్‌కి మెట్లెక్కే శ్రమ తప్పుతుంది. బయట దొరికే యాప్ ఫైళ్లు వేసుకోకండి.

4. నెట్ సెంటర్‌లో స్కాలర్‌షిప్ పని చేసుకుంటే లాగవుట్ అయ్యి రండి. పాస్‌వర్డ్ అక్కడ సేవ్ చేయకండి. ఆ కంప్యూటర్‌కి రూట్ ఎవరో మనకి తెలియదు.

5. ముఖ్యమైనదేదైనా రెండు చోట్ల ఉంచండి. ఈ మాట మా సొంత అనుభవం.

తెలివి ఎటు వాడాలి?

2008లో మన ఊళ్లో ట్రిపుల్ ఐటీ వచ్చాక పల్లెటూరి పిల్లలు ఎంతోమంది ఈ చదువులోకి వచ్చారు. మన హాస్టల్ తమ్ముళ్లలో కూడా కంప్యూటర్ లోతులు తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లున్నారు. వాళ్లకో మాట. లోపం వెతకడం తప్పు కాదు. సొంత కంప్యూటర్‌లో, సాధన కోసం తయారుచేసిన సిస్టమ్స్‌లో ఎంతైనా ప్రయత్నించండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లో అధికారం ఎగబాకితే మాత్రం ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘సరదాకి చేశాను’ అంటే కోర్టు వినదు. ఒక్క కేసు పడితే ప్రభుత్వ ఉద్యోగం కల కల్లే.

లోపం నిజంగా కనబడితే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్లకి చెప్పండి, లేదా 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్‌కి తెలియజేయండి. సుడో విషయంలో క్వాలిస్ వాళ్లు ముందు రహస్యంగా చెప్పారు కాబట్టే, ప్రకటన వచ్చిన రోజే మందు కూడా వచ్చింది. ఇలా లోపాలు చెప్పినవాళ్లకి బహుమతులిచ్చే కంపెనీలున్నాయి, ఇదే వృత్తిగా బతికేవాళ్లున్నారు. దీనికి కావలసింది ఓపిక. అది మన హాస్టల్ పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

చివరిగా

ఈ విషయాలు చదువుతున్నప్పుడు మాకు నచ్చిన మాట ఒకటుంది. కంప్యూటర్‌లో అధికారం ఎవరికీ పుట్టుకతో రాకూడదు. పనిని బట్టి రావాలి, ఆ పని ఉన్నంతసేపే ఉండాలి, ఎవరు వాడారో రిజిస్టర్‌లో ఉండాలి. ఈ నియమం కంప్యూటర్‌కే పరిమితం కానక్కర్లేదు.

ఇక మొదట్లో ఆపిన ప్రశ్న. ఆనాడు మన కంప్యూటర్‌లో జరిగింది అధికారం ఎగబాకడం కాదు. వైరస్ ఏ మెట్టూ ఎక్కనక్కర్లేదు, ఏ సందూ వెతకనక్కర్లేదు. స్టోర్ తాళం తలుపుకే వేలాడదీసి ఉంది. పాస్‌వర్డ్ లేని అడ్మినిస్ట్రేటర్ అకౌంటుని అందరం కలిసి వాడాం, రెండో కాపీ తీయాలని ఒక్కరికీ తోచలేదు. పెన్ డ్రైవ్ ఆ రోజు కాకపోతే మర్నాడు, ఆ తమ్ముడు కాకపోతే మాలో ఒకడు తెచ్చేవాడు. తప్పు వాడిది కాదు, మా అందరిదీ.

తమ్ముడూ, నువ్వు ఎక్కడున్నా ఈ సంచిక నీకు చేరుతుందని ఆశ. ఆ రోజు అన్న మాటలకి మేమందరం నీకు క్షమాపణ చెబుతున్నాం. వచ్చే వార్షికోత్సవానికి తప్పకుండా రా. ఇప్పుడు కంప్యూటర్ గదిలో నీ పేరుతో కూడా ఒక అకౌంటు ఉంటుంది.